గంగాశిలకు వాస్తుదోషం

భూమికి నాలుగువందల పది కిలోమీటర్ల లోతున సముద్రాలకు సముద్రాలు నీళ్లున్నాయనీ, ఈ క్షణం నుంచి అవన్నీ రాష్ట్ర ప్రజలవేననీ భూగర్భ ఐశ్వర్య శాఖ మంత్రి సోమేశ్వరరావుగారు ప్రకటించినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. నేను మంత్రిగారి పేషీలో పత్రికా ప్రకటనలు రాస్తాను. చప్పట్లు కొట్టడం ఉద్యోగంలో భాగం కాదు గానీ, ఆ రోజు నాకు నిజంగానే ఒళ్లు పులకరించింది.

"పై రాష్ట్రాల వాళ్లు ఆనకట్ట కట్టడానికి వీల్లేని నీళ్లు ఇవొక్కటే!" అన్నారు మంత్రిగారు మైకు పట్టుకుని. ఆ వాక్యం నాదే. మర్నాడు పేపర్లన్నీ దాన్నే శీర్షికగా పెట్టుకున్నాయి.

అది తొంభై తొమ్మిది ఎండాకాలం. హైటెక్ సిటీ అప్పుడే కొత్తగా లేచింది. చుట్టూ బండరాళ్లు, మధ్యలో అద్దాల మేడలు. మంత్రి అన్నవాడు అప్పుడప్పుడూ అటు వెళ్లి ఏదో ఒక కంప్యూటర్ పక్కన నిలబడి ఫోటో దిగకపోతే ఆయనకు దూరదృష్టి లేదని జనం అనుకునే రోజులు. వీడియో కాన్ఫరెన్సులూ, ఆన్‌లైన్ సేవలూ మిగతా మంత్రులు ముందే పంచేసుకున్నారు. మా మంత్రిగారికి భూగర్భం మిగిలింది. ఆయన నొచ్చుకోలేదు. "పైనంతా వాళ్లనే ఏలుకోనీవయ్యా. కిందంతా మనదే కదా" అన్నారు నాతో. అంత పెద్ద మనసు.

ఆ నీళ్ల సంగతి మొదట చెప్పింది డాక్టర్ ఉదయశ్రీ. కాకినాడ అమ్మాయి. మా శాఖ మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగులో అంతస్తు కిరాయికి తీసుకుని పాతాళ గణన కేంద్రం అని ఒకటి పెట్టింది, అందులో ఆమె శాస్త్రవేత్త. ఆమె పనేమిటో నాకు ముందు బోధపడలేదు. మామిడిపండుతో చెప్పింది. భూమి మామిడిపండైతే మనం నిలబడ్డది తోలు మీద. నడిమధ్య టెంక. ఆ రెంటికీ నడుమ ఉన్న గుజ్జంతా మాంటిల్. గుజ్జన్నానని మెత్తగా ఉంటుందనుకోకండి, అదంతా రాయి. అక్కడికి ఎవరూ పోలేరు, ముక్క కోసుకొచ్చి చూడలేరు. అందుకని ఆ రాతిలో ఉండే ఖనిజాలను ఆమె కంప్యూటర్‌లో కడుతుంది. ఏ పరమాణువు ఎక్కడ కూర్చుంటుంది, నొక్కితే ఎంత నొక్కుకుంటుంది, కాలిస్తే ఏమవుతుంది, అన్నీ లెక్క వేసి చెబుతుంది.

మంత్రిగారు మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె తెర మీద ఒక ఖనిజాన్ని చూపించింది. దాని పేరు వాడ్స్‌లియైట్. ఆ పేరుకి ఓట్లు రాలవని మంత్రిగారు అక్కడికక్కడే గంగాశిల అని నామకరణం చేశారు.

"ఈ ఖనిజంలో నీరు పట్టగలదని మా మోడల్ చెబుతోందండి" అంది ఉదయశ్రీ.

"ఎంత పడుతుందమ్మా?"

"ఇది ఉన్న పొరంతా కలిపితే, పైన సముద్రాల్లో ఉన్నంత పట్టొచ్చండి. కానీ..."

మంత్రిగారు నా వైపు చూశారు. నేను రాసేసుకున్నాను. 'కానీ' తర్వాత వచ్చే మాటలకు పత్రికా ప్రకటనలో చోటుండదు. ఈ ఉద్యోగంలో నేను మొదట నేర్చుకున్నది అదే.

ఆమె మాత్రం ఆపలేదు. "అవి నీళ్లలా ఉండవండి. రాతి లోపల హైడ్రోజన్ పరమాణువులు ఆక్సిజన్‌ని పట్టుకుని ఉంటాయి, అంతే. పైగా అక్కడ పద్నాలుగు వందల డిగ్రీల వేడండి."

"వేణ్ణీళ్లన్న మాట. గీజరు ఖర్చు కలిసొచ్చింది."

"ఇక్కడి గాలి ఒత్తిడికి లక్ష రెట్లకు పైన ఒత్తిడండి!"

"ప్రెషర్ బాగుంటే మంచిదే కదమ్మా. నాలుగో అంతస్తుకి మోటారు లేకుండా ఎక్కుతాయా?"

ఉదయశ్రీ పక్కనున్న గ్లాసు తీసుకుని నీళ్లు గటగటా తాగేసింది.

ప్రకటన వెలువడింది, దండలు పడ్డాయి. మంత్రిగారు రెండోసారి వెళ్లినప్పుడు తెరకు దగ్గరగా కుర్చీ వేయించుకున్నారు. తెర మీద గంగాశిల ఒక పెట్టెలా ఉంది. అలాంటి పెట్టెల్నే అన్ని వైపులా పేర్చుకుంటూ పోతే మొత్తం రాయి అవుతుందట. పెట్టె నిండా ఎర్ర బంతులు, ఆకుపచ్చ బంతులు, నీలం బంతులు. అక్కడక్కడ చిన్న తెల్ల బంతులు. ఆ తెల్లవే హైడ్రోజన్, అంటే మన నీళ్లు.

మంత్రిగారు రాజకీయాల్లోకి రాకముందు బిల్డింగు కాంట్రాక్టరు. ప్లాను కనిపిస్తే ఆయన కన్ను ఊరుకోదు.

"అమ్మాయ్, దీనికి ఉత్తరం ఎటు?"

"క్రిస్టల్‌కి ఉత్తరం ఉండదండి."

మంత్రిగారి మొహం వాడిపోయింది. "ఉత్తరం లేని స్థలంలో ప్రభుత్వం పెట్టుబడి పెట్టదమ్మా" అన్నారు.

ఇందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో ఏ పేషీకైనా కొత్త మంత్రి వచ్చాడంటే ముందు తలుపు మారేది, ఆ తర్వాతే ఫైలు కదిలేది. మా మంత్రిగారు వచ్చాక మా గదిలో మెట్లు తూర్పుకి తిప్పారు. మెట్లు దిగితే గోడ వస్తుంది, అయినా మా శాఖకు అంతా శుభమే జరిగింది.

వెంటనే వాస్తు సిద్ధాంతి బుల్లిబాబుగారికి కబురు వెళ్లింది. రాజమండ్రి వైపు మనిషి. మంత్రిగారు గేదెల కొట్టం కూడా ఆయన్ని అడగనిదే కట్టరు. ఆయన వచ్చి, చెప్పులు బయట విడిచి, సంచిలోంచి దిక్సూచి తీసి మానిటర్‌కి ఆనించారు. ముల్లు గజగజ వణికి పక్కకి తిరిగిపోయింది.

"చూశారా! రాయికి ప్రాణం ఉంది" అన్నారు.

"మానిటర్ లోపల అయస్కాంతం ఉంటుందండి" అంది ఉదయశ్రీ. ఎవరూ వినిపించుకోలేదు.

బుల్లిబాబుగారు కళ్లు మూసుకుని, తెరిచి, తెర పైవైపు ఉత్తరమని తేల్చారు. కుడిచేతి పైమూల ఈశాన్యం. అక్కడ తెల్ల బంతి. "ఈశాన్యంలో నీళ్లు! భేష్! ఇది కట్టినవాడెవడో తెలిసినవాడే" అంటూ చూపు కిందికి దించి, ఆగిపోయారు. "ఇదేమిటండీ? నైరుతిలో కూడా నీళ్లున్నాయి!"

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. నైరుతిలో నీళ్లుంటే యజమానికి గండం. ఆ రాతికి యజమాని ప్రభుత్వం, ఆ శాఖలో ప్రభుత్వమంటే ఆయనే.

"అది తీసెయ్యమ్మా."

"తీయకూడదండి. దీనికి సిమెట్రీ ఉంది. ఈ మూల ఒకటుంటే సరిగ్గా ఎదురు మూల ఇంకోటి ఉండి తీరాలి."

"ఆ రూలు ఎవరు పెట్టారు?"

"ప్రకృతండి."

"ఏ శాఖ?"

"పోనీ, అటూ ఇటూ తిప్పి చూడమ్మా" అన్నారు బుల్లిబాబుగారు దయతలిచి. తిప్పింది. ఒక తెల్ల బంతి ఈశాన్యానికి రాగానే రెండోది పోయి నైరుతిలో కూర్చుంటోంది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. మంత్రిగారు "మా బావమరిదిలా ఉంది" అన్నారు.

చివరికి ఆదేశం ఆదేశమే. ఆమెది ఏటేటా రెన్యువల్ అయ్యే ఉద్యోగం. నైరుతి బంతి పీకేసి లెక్క మళ్లీ వేసింది. కంప్యూటర్ మధ్యాహ్నమంతా గుర్రుపెట్టింది. మేం భోజనాలు చేసి వచ్చేసరికి తెర మీద గంగాశిల ఒరిగిపోయి, బంతులన్నీ ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి.

"కూలిపోయిందండి" అంది ఉదయశ్రీ. ఆ గొంతులో కొంచెం సంతోషం కూడా ఉందని నా అనుమానం.

బుల్లిబాబుగారు ఏమాత్రం తగ్గలేదు. "దోషం రాతిలో లేదండి. రాతిని కట్టిన చోట ఉంది. ఈ బిల్డింగుకి నైరుతిలో ఏముందో చూడండి."

కిటికీ తెర పక్కకి లాగాం. ప్రహరీ గోడ అవతల గుడిసెలున్నాయి. గుడిసెల మధ్య ఒక బోరింగు పంపు, దాని చుట్టూ బిందెలు, బిందెల వెనక ఆడవాళ్లు.

"అదిగో!" అన్నారు బుల్లిబాబుగారు. మంత్రిగారు ఆయన చేతులు పట్టుకున్నారు.

ఆ గుడిసెల్లో ఉండేది పాలమూరు నుంచి వచ్చిన కూలీలు. మేం నిలబడ్డ బిల్డింగు కట్టింది వాళ్లే. ఇది పూర్తయ్యాక పక్క బిల్డింగుకి ఇటుకలు మోస్తూ అక్కడే ఉండిపోయారు. బస్తీకి కొళాయి లేదు. అందరికీ ఆ బోరింగే దిక్కు. తాగినా, వండినా, పిల్లలకు నీళ్లు పోసినా అందులోంచే. మంత్రిగారు స్వయంగా గోడ అవతలికి వెళ్లారు. బోరింగు కొడుతున్న సాయమ్మ అనే ఆవిడ సంగతి విని, బిందె అక్కడే వదిలేసి ఎదురొచ్చింది. చేతులకి ఇంకా సిమెంటు అంటుకునే ఉంది.

"సారూ, గీ బోరింగు మూస్తే మేమేం తాగాలె?"

మంత్రిగారు చలించిపోయారు. జనంతో నేరుగా మాట్లాడటం ఆయనకి చాలా ఇష్టం. "అమ్మా, నీ కాళ్ల కిందే సముద్రాలున్నాయి. నీకింక ఈ బోరింగెందుకు?"

"యాడున్నయి సారూ?"

"నాలుగువందల పది కిలోమీటర్లు."

"అవ్వో! మా ఊరే గంత దూరం లేదు. బిందె మోసుకొని గాడికి ఎవలు పోవాలె?"

"దూరం కాదమ్మా, లోతు."

"గంత తాడు యాడ దొర్కుతది?"

మంత్రిగారు నా వైపు తిరిగి, "సాంకేతిక ప్రశ్నలు వేస్తున్నారయ్యా. చైతన్యం వచ్చేసింది" అన్నారు. రాసుకున్నాను.

సాయమ్మ వదల్లేదు. "అవి పైకొచ్చేదాక పోరగాండ్లకు ఏం తాపియ్యాలె సారూ? సిమిటి తాపియ్యాలెనా?"

అప్పటిదాకా రోజూ ఒక ట్యాంకర్ పంపిస్తానని మంత్రిగారు అందరి ముందూ మాటిచ్చారు. ఊరికే అనలేదు, ట్యాంకర్ నిజంగానే వచ్చింది. బోరింగు పంపు ఊడబీకి గొట్టం నిండా కాంక్రీటు పోయించారు. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ప్రకటనలో నేను 'మహిళల ఆనందబాష్పాల మధ్య' అనే రాశాను. కన్నీళ్లు చూసి అవి ఏ రకమో చెప్పడం నా చదువుకి మించిన పని.

ఇటు గంగాశిల కూడా నిలబడింది. మంత్రిగారు మళ్లీ వచ్చి చూసేసరికి పెట్టె చక్కగా ఉంది, ఈశాన్యంలో తెల్ల బంతి మెరుస్తోంది, నైరుతి ఖాళీ. బుల్లిబాబుగారికి శాలువా కప్పారు. అందరూ వెళ్లాక ఉదయశ్రీ నాతో మెల్లగా అంది:

"నైరుతిది అక్కడే ఉందండి. పెద్ద ఎర్ర బంతి వెనక దాక్కునేలా తిప్పి పెట్టాను. నాకు వేరే దారి కనిపించలేదు."

"కనబడకపోతే చాలమ్మా. మీరు ప్రభుత్వంలో పైకొస్తారు" అన్నాను. ఆమె ఎందుకో మొహం తిప్పుకుంది.

కాంపౌండులో ఈశాన్య మూల కొత్త బోరుకి ముహూర్తం కుదిరింది. బాలానగర్ నుంచి రాములు అనే ఆయన రిగ్గు తీసుకొచ్చాడు.

"ఎంత లోతు గొట్టాలె సార్?" అన్నాడు.

"నాలుగువందల పది."

"మస్తు. పగటాల్లకు అయిపోతది. అడుగులే గద?"

"కిలోమీటర్లు."

రాములు రిగ్గు వైపు చూశాడు, మంత్రిగారి వైపు చూశాడు. "నా తాన ఆర్నూరు అడుగులకే రాడ్లున్నయి సార్."

ఇలాంటప్పుడే నాయకుడెవరో తెలుస్తుంది. మంత్రిగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మొదటి దశ ఆరువందల అడుగులు నువ్వు తవ్వు. మిగతాది అమ్మాయి కంప్యూటర్‌లో తవ్వేస్తుంది" అన్నారు.

ఆరువందల అడుగులూ బూడిదరంగు దుమ్మే వచ్చింది. హైదరాబాద్ రాయి అంత తేలిగ్గా లొంగేది కాదు. మంత్రిగారు ఆ దుమ్ము చిటికెడు తీసుకుని నుదుట పెట్టుకున్నారు. విలేకరులు ఫోటోలు తీసుకున్నారు.

ప్రారంభోత్సవం రోజు ఉదయం బస్తీకి రావలసిన ట్యాంకర్ బస్తీకి రాలేదు. గేటు దాటి లోపలికొచ్చి, కొత్త బోరు పక్కన ఆగి, ఉన్న నీళ్లన్నీ గొట్టంలో పోసేసింది. దాని వెనకే బిందెలతో పరిగెత్తుకొచ్చిన ఆడవాళ్లని గేటు దగ్గర వాచ్‌మన్ సాయిలు ఆపాడు. అతనిదీ ఆ బస్తీయే.

"ఏంది సాయిలూ, మా నీళ్లు గాండ్ల వోస్తున్రు?" అంది సాయమ్మ.

"ఇయ్యాల నీళ్లు కిందికి పోతున్నయి అక్కా. పైకొచ్చినంక ఇస్తరంట" అన్నాడు సాయిలు, ఆమె మొహం చూడకుండా.

మౌస్‌కి కుంకుమ బొట్టు పెట్టారు. సీపీయూ ముందు కొబ్బరికాయ కొట్టారు. మంత్రిగారు క్లిక్ చేశారు. నేను కిటికీలోంచి రుమాలు ఊపాను, కింద ఎవరో మోటారు స్విచ్ వేశారు. పైపులోంచి నీళ్లు బుస్సున ఎగిరాయి. మంత్రిగారు పరుగున కిందికొచ్చి దోసిట పట్టుకుని తాగి, "నాలుగువందల పది కిలోమీటర్ల తియ్యదనం!" అన్నారు. కెమెరాల వాళ్లు సర్దుకునేలోగా పైపు దగ్గి, ఊరుకుంది. డెమో విజయవంతమైందని ప్రకటించాం.

ఆ మర్నాడూ ట్యాంకర్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సాయమ్మ కూలి మానుకుని, బిందె పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఉదయశ్రీ మోడల్‌ని నగర పటంతో కలిపి ఆ ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కించారు, దాని మీద నాలుగు మంచి మాటలు రాసుకుని రమ్మని మంత్రిగారు పంపారు.

ఆఫీసరు బస్తీ పేరు కొట్టి చూశాడు. తెరంతా నీలం అయిపోయింది.

"మీ బస్తీ కింద బోలెడు నీళ్లున్నాయమ్మా. జూబ్లీహిల్స్ కింద ఎంత లోతున ఉన్నాయో మీ కిందా అంతే. తేడా లేదు. నీటి సౌకర్యం ఉన్న బస్తీకి ట్యాంకర్ పంపకూడదు."

"యాడున్నయి సారూ?"

"ఇదిగో, కంప్యూటర్‌లో."

సాయమ్మ ఆ నీలం వైపు చూసింది. తర్వాత బిందె ఎత్తి టేబుల్ మీద, మానిటర్ ముందు పెట్టింది. "గట్లయితే జర అండ్లకెల్లి ఒక్క బిందె ఇయ్యున్రి సారూ. పోరగాండ్లు పరేషాన్ అయితున్రు."

ఆఫీసరు కంగారుగా కీబోర్డు వెనక్కి లాక్కున్నాడు. "తియ్యి, తియ్యి! తడి తగిలితే షార్ట్ అవుతుంది!"

ఆ బిందె ఎండిపోయి ఉందని నేను చెబుదామనుకున్నాను. కానీ నేను వచ్చిన పని వేరు.

ఆమె వెళ్లాక ఆఫీసరు ఆ నీలాన్ని ఇంకొంచెం పెద్దది చేసి చూసి, గడ్డం గోక్కున్నాడు. చురుకైన మనిషి. ఇన్ని నీళ్లున్న చోటు జలాశయం అవుతుంది. జలాశయంలో గుడిసెలుంటే అది ఆక్రమణ. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, ఇళ్లు కట్టుకోకూడదని చట్టం ఎప్పటినుంచో ఉంది, చెరువు లోతు ఎంతుండాలో అందులో ఎక్కడా లేదు. మంత్రిగారు ఆ మాట విని, "ఇలాంటి బుర్రలు మనకింకా కావాలయ్యా" అన్నారు.

గుడిసెలు కూల్చడానికి పొక్లెయినర్ వచ్చిన రోజు ఉదయశ్రీ మెట్ల మీద నుంచే అరుచుకుంటూ కిందికొచ్చింది. "అది చెరువు కాదండీ, రాయి! రాయి అని మొదటి రోజే చెప్పాను!"

"మోడల్ మీదే కదా మేడమ్" అన్నాడు ఆఫీసరు చాలా మర్యాదగా. నిజం చెప్పొద్దూ, నాకు ఆమె మీద జాలేసింది.

గుడిసెలు లేచిపోయిన చోట అప్పుడే ఒక బోర్డు పాతారు. పన్నెండంతస్తుల టవర్ బొమ్మ. నైరుతి ఎప్పుడూ బరువుగా, ఎత్తుగా ఉండాలని బుల్లిబాబుగారు సెలవిచ్చారు. నా సర్వీసులో మొదటిసారి నేను మంత్రిగారిని ఒక ప్రశ్న అడిగాను.

"మరి టవరు కూడా చెరువులోనే అవుతుంది కదండీ?"

మంత్రిగారు నా భుజం తట్టారు. "టవరు పునాది నలభై అడుగులేనయ్యా. నీళ్లు ఎక్కడో నాలుగువందల పది కిలోమీటర్ల కింద ఉన్నాయి. వాటికి ఇబ్బందేముంది?"

రాసుకున్నాను.

సాయమ్మ విరిగిన రేకులూ, మూటలూ రోడ్డు పక్కన పేర్చుకుంటోంది. ఇద్దరు పిల్లలు ఆ మూటల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా సున్నం కొట్టినట్టు దుమ్ము. నన్ను చూసి ఆమె పిలిచింది.

"సారూ, మేం చెరువుల ఇండ్లేస్కున్నమంటున్రు. నిజమేనా?"

"కంప్యూటర్‌లో అలాగే ఉంది సాయమ్మా."

ఆమె ఒక రేకు ఎత్తి మూట మీద పెట్టింది. చిన్నదాని మొహం కొంగుతో తుడిచింది. మన్ను వదల్లేదు.

"ఇన్ని దినాలు చెరువులనే ఉన్నం గద సారూ" అంది. "మా పోరలు తానం జేసి వారమైతుంది."